పార్సిల్‌లో తెప్పించిన గుడ్లు పొదగలేదు, తప్పు ఎవరిది? ముందు మిగిలిన గుడ్లు పగలగొట్టి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీరు నిజాంపేటలో ఉంటారు. భీమవరం వైపు నుంచి రెండు డజన్ల అసీల్ (పందెం కోడి జాతి) గుడ్లు ట్రావెల్స్ పార్సిల్‌లో తెప్పించి, ఇంట్లో చిన్న ఇంక్యుబేటర్‌లో పెట్టారు. 24లో 3 పిల్లలే వచ్చాయి. గుడ్లు అమ్మినాయన మెషీన్ బాగాలేదంటున్నాడు, మెషీన్ అమ్మినవాళ్లు గుడ్లు బాగాలేవంటున్నారు. పొదగని 21 గుడ్లు ఇంకా బాల్కనీలో బకెట్‌లోనే ఉన్నాయి. రెండోసారి డబ్బు పెట్టే ముందు తప్పు ఎక్కడుందో తెలుసుకోవాలి, ఈసారి ఎలా పెట్టాలో కూడా తెలియాలి.

నేను అల్వాల్‌లో డాబా మీద పదేళ్లుగా అసీల్, మామూలు నాటు కోళ్లు పెంచుతున్నాను. పార్సిల్ గుడ్లు ఇప్పటికి ఇరవై సార్లకు పైనే పెట్టి ఉంటాను.

సూటిగా చెప్పాలంటే: ప్రయాణం చేసిన గుడ్లలో సగం పిల్లలు వస్తే మంచి ఫలితం కిందే లెక్క. నా డాబా మీద పెట్టిన తాజా గుడ్లలో వందకు 75, 80 వస్తాయి, పార్సిల్‌లో వచ్చినవి 40 నుంచి 50 మధ్య ఆగిపోతాయి. కానీ 24కి 3 అంటే కేవలం ప్రయాణం వల్ల అయింది కాదు, ఇంకేదో తోడైంది. అదేమిటో ఆ 21 గుడ్లే చెబుతాయి, వాటిని పారేయకండి. ఇక రెండో బ్యాచ్‌కి మూడు పనులు తప్పనిసరి: వచ్చిన గుడ్లను ఒక రోజు కదపకుండా ఉంచడం, సన్న కొన కిందికి పెట్టి నిలువుగా పొదిగించడం, మొదటి మూడు రోజులు తిప్పకపోవడం.

ముందు పగలగొట్టే పని. బకెట్ బయటికి తీసుకెళ్లండి, మాస్కు, గ్లౌజులు వేసుకోండి. వాసన వస్తున్న గుడ్డును, పెంకు మీద చెమట పట్టినట్టున్న గుడ్డును నీళ్లలో ముంచే పగలగొట్టాలి, లేకపోతే పేలి మొహం మీద పడుతుంది. మిగతావాటిని లావు వైపు చెంచాతో కొట్టి, పెంకు కొంచెం కొంచెంగా ఒలవండి. ఒక్కో గుడ్డు ఏ దశలో ఆగిపోయిందో కాగితం మీద గీతలు పెట్టుకోండి.

లోపల ఏమీ మొదలవకుండా ఒట్టి సొనే ఉంటే ఆ గుడ్డు పుంజు తొక్కనిది, లేదా పొదుగుకు పెట్టకముందే చచ్చిపోయినది. సొన మీద నెత్తుటి రింగు ఉంటే రెండో రోజుకి, నాలుగో రోజుకి మధ్య ఆగిపోయింది. దానికి ప్రయాణపు కుదుపు, ఎండ, పాత గుడ్డు, లేదా మొదటి రోజుల్లో మెషీన్ వేడి ఎక్కిపోవడం కారణం. ఈకలు మొలిచి మధ్యలో చచ్చినవి సాధారణంగా తక్కువే ఉంటాయి. అవి ఎక్కువగా కనిపిస్తే కరెంటు పోయి చల్లబడ్డాయా, వేడి పెరిగిందా అని చూసుకోవాలి, తల్లి కోడికి మేత సరిగా లేకపోయినా ఇలా అవుతుంది. పూర్తిగా ఎదిగి, బయటికి రాలేక చచ్చిన పిల్లలు ఉంటే చివరి మూడు రోజుల సంగతి: తేమ, గాలి, వేడి.

మీ గీతల్లో ఎక్కువ భాగం మొదటి రెండు రకాలై, మొదటి రోజుల్లో మెషీన్ వేడి ఎక్కిపోలేదని తేలితే, అమ్మినాయన వైపో, దారిలోనో పోయాయి. నిండుగా ఎదిగి చచ్చినవి ఎక్కువైతే మెషీన్ వైపు చూడాలి. ఇందులో ఒక మెలిక ఉంది. పార్సిల్ గుడ్డులో లావు వైపు ఉండే గాలి గది దెబ్బతింటుంది కాబట్టి, మెషీన్ బాగానే ఉన్నా కొన్ని పిల్లలు ఆఖర్లో చచ్చిపోతాయి. పొదగడానికి ఒక రోజు ముందు పిల్ల ముక్కును గాలి గదిలోకి పొడిచి తొలి ఊపిరి అక్కడే తీసుకుంటుంది. ఆ గది చెదిరి పక్కకి జారి ఉంటే పిల్లకు దారి దొరకదు. పెంకు ఒలిచినప్పుడు పిల్ల తల ఎటుందో కూడా చూడండి. మామూలుగా తల లావు వైపు, కుడి రెక్క కింద ఉంటుంది. సన్న కొన వైపు తల పెట్టుకున్నవి రెండు మూడు కనిపించాయంటే గుడ్లు ఎక్కువ రోజులు అడ్డంగానో, తలకిందులుగానో ఉన్నాయని నా అనుభవం.

నా మొదటి పార్సిల్ 2018 ఫిబ్రవరిలో వచ్చింది, 30 గుడ్లు. ఎల్బీనగర్‌లో బస్సు దగ్గర తీసుకుని, బండి వెనక క్యారియర్‌కి తాడుతో కట్టి అల్వాల్ దాకా తెచ్చాను. దారిలో ఎన్ని స్పీడ్ బ్రేకర్లు ఉంటాయో మీకు తెలుసు. ఇంటికి రాగానే ఆత్రంగా తిప్పే ట్రేలో అడ్డంగా పడుకోబెట్టి స్విచ్ వేశాను. నాలుగు పిల్లలు వచ్చాయి. అప్పటికి పగలగొట్టి చూడాలని తెలియదు గానీ, మా నాయనమ్మ ఒక్కొక్కటి చెవి దగ్గర పెట్టుకుని ఊపి "ఇవి దారిలోనే కలిసిపోయినయి బిడ్డా" అంది. ఒకటి పగలగొడితే నెత్తుటి రింగు. రెండోది, మూడోది కూడా అంతే. మొత్తం 11 అలాంటివే. 2020లో జేబీఎస్ దాకా మెట్రో వచ్చినప్పటి నుంచి నేను గుడ్లను ఒళ్లో పెట్టుకుని అందులోనే తెచ్చుకుంటున్నాను: ఎల్బీనగర్‌లో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, జేబీఎస్‌లో దిగి, అక్కడి నుంచి ఆటో. కాస్త చుట్టు తిరుగుడే, కానీ కుదుపు ఉండదు.

కుదుపు గుడ్డుకు ఏం చేస్తుంది

గుడ్డు లావు వైపు పెంకుకు అంటుకుని రెండు పొరలుంటాయి, వాటి మధ్యే గాలి గది. బస్సు కుదుపులకు ఆ పొరలు ఊడిపోతాయి. చీకట్లో ఫోన్ టార్చ్ మీద గుడ్డు లావు వైపు ఆనించి చూడండి. బాగున్న గుడ్డులో గాలి గది పైన టోపీలా గుండ్రంగా, కదలకుండా కనిపిస్తుంది. దెబ్బతిన్నదాంట్లో ఒక పక్కకి జారి గుర్రం జీనులా ఉంటుంది. బాగా దెబ్బతిన్నదాన్ని మెల్లగా వంచితే మేస్త్రీల రసమట్టంలో బుడగ పరిగెత్తినట్టు గాలి అటూ ఇటూ పోతుంది. ఆ బుడగ ఉన్న గుడ్లు కూడా పొదుగుతాయి. నాకు ఒకసారి అలాంటి ఎనిమిదింటిలో మూడు పిల్లలు వచ్చాయి. కాబట్టి పారేయకండి, పెన్సిల్‌తో గాలి గది అంచు గీసి పెట్టండి.

వచ్చిన గుడ్లను కడగకూడదు. పెంకు మీద ఉండే సన్నటి పూత పోతే క్రిములు లోపలికి వెళ్తాయి. మరీ మురికిగా ఉన్నదాన్ని పొడిగుడ్డతో తుడవండి, చాలు. తర్వాత అన్నింటినీ కాగితపు గుడ్ల ట్రేలో సన్న కొన కిందికి ఉండేలా నిలబెట్టి, ఇంట్లో చల్లగా ఉండే మూల 24 గంటలు వదిలేయండి. ఆ టైంలో సొన కుదురుకుంటుంది, గాలి గది వీలైనంత తన చోటికి వస్తుంది. ఈలోపు ఖాళీ మెషీన్ ఆన్ చేసి వేడి నిలకడగా ఉందో లేదో గమనించండి.

ఒక త్యాగం కూడా చేయండి: రెండు డజన్లు కావాలంటే 26 ఆర్డర్ ఇచ్చి, వచ్చిన రోజే రెండు పగలగొట్టి సాసర్‌లో వేయండి. పచ్చసొన మీద తెల్ల చుక్క ఉంటుంది. ఆ చుక్క వాషర్‌లా గుండ్రంగా, మధ్యలో పలచగా, అంచు స్పష్టంగా ఉంటే పుంజు తొక్కిన గుడ్డు. చిన్నగా, గట్టిగా, అంచు తీరులేకుండా ఉంటే ఒట్టి గుడ్డు. రెండూ ఒట్టివే అయితే మిగతా 24 మీద 21 రోజులు పెట్టుకోకముందే అమ్మినాయనకు ఫోటో పంపి మాట్లాడవచ్చు. తర్వాత వాదించి లాభం లేదు.

సాక్షి గుడ్లు పెట్టండి

పగలగొట్టి చూశాక కూడా మెషీన్ తప్పా, గుడ్ల తప్పా అన్న గొడవ మిగిలితే, దాన్ని పక్కాగా తేల్చడానికి నాకు తెలిసిన మార్గం ఇది. మీ చుట్టుపక్కల పుంజుతో కలిపి నాటుకోళ్లు పెంచేవాళ్ల దగ్గర ఆరు తాజా గుడ్లు తెచ్చి, అదే మెషీన్‌లో, అదే రోజున పక్కనే పెట్టండి. కిరాణా కొట్టులో దొరికే తెల్లగుడ్లు పనికిరావు, ఆ ఫారాల్లో పుంజులుండవు. ఆరింటిలో ఐదు పొదిగి, పార్సిల్ గుడ్లు పొదగకపోతే మీ మెషీన్ మంచిదే. ఆ ఆరు కూడా పోతే మెషీన్ సరిచేసుకునే దాకా దూరం నుంచి గుడ్లు తెప్పించకండి.

నిజానికి కొత్తవాళ్లకు నేను మొదట చెప్పేది, రాజేంద్రనగర్‌లో కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ ఉంది, వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది వాళ్లే. అక్కడ పొదిగించే గుడ్లు, పిల్లలు అమ్ముతారు, ముందుగా బుక్ చేసుకోవాలి. మీరే కారులో వెళ్లి మెల్లగా తెచ్చుకుని మొదటి బ్యాచ్ వాటితో చేస్తే చెయ్యి తిరుగుతుంది. అసీల్ మీద ఎంత మనసున్నా, ఒక్కో గుడ్డుకు అంత డబ్బు పోసి వాటి మీద నేర్చుకోవడం నాకు బాధగా అనిపిస్తుంది.

మెషీన్ చెప్పే నంబర్ నమ్మకండి

ఇక్కడ అమ్మే చిన్న మెషీన్లు, థర్మాకోల్ డబ్బాలు చాలావరకు ఒకే రకం చైనా కంట్రోలర్‌తో వస్తాయి. నాదాంట్లో తెర మీద 37.5 అని ఉంటే అసలు వేడి 38.3. పిల్లలు పోవడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్‌ను, మెషీన్ సెన్సర్‌ను కలిపి గోరువెచ్చని నీళ్ల గ్లాసులో పెట్టండి. రెండూ ఎంత తేడా చూపిస్తున్నాయో అంత కంట్రోలర్‌లో సరిచేయండి. ఫ్యాన్ ఉన్న మెషీన్‌కి 37.5 డిగ్రీలు. ఫ్యాన్ లేనిదానికి గుడ్ల పైభాగం ఎత్తులో కొలిస్తే 38.3 నుంచి 38.8 దాకా ఉండాలి, ఎందుకంటే అందులో పైన వేడిగా, కింద చల్లగా ఉంటుంది.

మెషీన్‌తో వచ్చిన తిప్పే ట్రే పార్సిల్ గుడ్లకు వద్దు. దాంట్లో గుడ్డు అడ్డంగా పడుకుని దొర్లుతుంది, చెదిరిన గాలి గది ఇంకా చెదురుతుంది. కాగితపు గుడ్ల ట్రేను మెషీన్ కొలతకు కత్తిరించి, ఒక్కో గుంట అడుగున గాలి ఆడేలా చిల్లు పెట్టి, గుడ్లు నిలబెట్టండి. మొదటి మూడు రోజులు ముట్టుకోవద్దు. నాలుగో రోజు నుంచి ట్రే ఒక వైపు కింద చెక్క ముక్క పెట్టి 45 డిగ్రీలు వాలేలా చేయండి, రోజుకు మూడు సార్లు వైపు మార్చండి. కొందరు వారం దాకా తిప్పరు. నేను మూడు రోజులు మించనివ్వను. తొలి వారంలో తిప్పకపోతే పిండం పెంకు పొరకు అతుక్కుపోతుంది, తెల్లసొన చుట్టూ నెత్తురు నరాలు సరిగా అల్లుకోవు. సాక్షి గుడ్లను మాత్రం మొదటి రోజు నుంచే చేత్తో తిప్పండి.

ఏడో రోజు రాత్రి టార్చ్ పట్టి చూడండి. సాలెగూడులా ఎర్రటి నరాలు, మధ్యలో కదిలే నల్ల చుక్క ఉంటే బతికే ఉంది. ఏమీ కనిపించనివి, రింగు ఉన్నవి తీసేయండి. అనుమానంగా ఉంటే పదో రోజు దాకా ఆగండి.

హైదరాబాద్ తేమ

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. మెషీన్‌తో వచ్చే కాగితంలో "ట్రేలో నీళ్లు నింపండి" అని ఒకే మాట ఉంటుంది, అది అన్ని కాలాలకూ కుదరదు. మార్చి నుంచి మన గాలి ఎండిపోతుంది, వానాకాలంలో గోడలే చెమ్మగిల్లుతాయి. ఒక ఆగస్టులో ఆ కాగితం చెప్పినట్టే రెండు గాడుల్లోనూ నీళ్లు నింపాను. 18వ రోజుకి టార్చ్‌లో గాలి గది చూస్తే పదో రోజు గుడ్డుకు ఉన్నంతే ఉంది. అయినా పట్టించుకోలేదు. పిల్లలు నిండుగా ఎదిగి, ముక్కు కూడా పొడవకుండా, లోపలి నీళ్లలోనే పోయాయి. 16 గుడ్లలో తొమ్మిది అలా పోయాయి. ఒక్కొక్కటీ పగలగొట్టి చూసిన ఆ రోజు నాకు అన్నం సహించలేదు. తప్పు పూర్తిగా నాదే.

అందుకే తేమ మీటర్ కంటే వంటింటి డిజిటల్ తూకం మీద నాకు నమ్మకం ఎక్కువ. మొదటి రోజు గుడ్లన్నింటినీ ట్రేతో సహా తూచి, ట్రే బరువు తీసేసి రాసుకోండి. 18వ రోజుకి గుడ్డు బరువు నూటికి 12 వంతులు తగ్గాలి. అంటే 50 గ్రాముల గుడ్డు 44కి రావాలి. ఏడో రోజు, పద్నాలుగో రోజు మళ్లీ తూచి, తగ్గుదల తక్కువగా ఉంటే నీళ్లు తగ్గించండి, ఎక్కువగా తగ్గుతుంటే ఒక గాడి నింపండి. మీటర్ లెక్కలో చెప్పాలంటే మొదటి 18 రోజులు 45 నుంచి 50 శాతం. జూలై నుంచి సెప్టెంబర్ దాకా నేను ఆ 18 రోజులు మెషీన్‌లో నీళ్లే పోయను, గదిలో తేమ సరిపోతుంది. మీ మీటర్‌ను కూడా పరీక్షించుకోండి: సీసా మూతలో ఉప్పు వేసి తడి ముద్దలా చేసి, మీటర్‌తో కలిపి జిప్ కవర్‌లో రాత్రంతా ఉంచితే 75 చూపించాలి. నాది 66 చూపించింది.

కరెంటు గురించి భయం అక్కర్లేదు. మే నెల గాలివానకి ఒకసారి మా వీధిలో ఐదు గంటలు పోయింది. మెషీన్ మీద దుప్పటి కప్పి, గాలి కన్నాలు కొంచెం తెరిచి ఉంచాను, మూత తీయలేదు. అప్పటికి 15వ రోజు. ఆ బ్యాచ్ ఒక రోజు ఆలస్యంగా 22వ రోజున పొదిగింది. పిండం కొన్ని గంటల చలిని తట్టుకుంటుంది, 40 డిగ్రీల వేడిని తట్టుకోదు. అందుకే ఇన్వర్టర్ లేకపోయినా ఫర్వాలేదు గానీ, మెషీన్‌ను కిటికీ ఎండ పడే చోట పెట్టకండి.

చివరి మూడు రోజులు చేతులు కట్టుకోవాలి

18వ రోజు తిప్పడం ఆపండి, తేమ 65 నుంచి 70కి పెంచండి, మూత మూసేయండి. గాలి గది బాగా చెదిరిన గుడ్లను నేను నిలువుగానే ఉంచుతాను, మిగతావాటిని పడుకోబెడతాను. మొదటి పగులు కనిపించాక పిల్ల బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది. ఆ టైంలో అది ఊరికే ఉండదు, పచ్చసొనను కడుపులోకి లాక్కుంటూ, పెంకు పొరలోని నెత్తురు తాగేస్తూ ఉంటుంది. తొందరపడి పెంకు ఒలిస్తే నెత్తురు కారి చస్తుంది. మూత తీస్తే లోపలి తేమ ఒక్కసారిగా పోయి, పొర ఎండి పిల్లకు ప్లాస్టిక్‌లా చుట్టుకుంటుంది. పొర పసుపుగా ఎండిపోయి, 24 గంటలు దాటినా పగులు పెరగని పిల్లకు మాత్రమే నేను సాయం చేస్తాను: తడి దూదితో పొర తడిపి, ముక్కు దగ్గర గాలి ఆడేంత కన్నం, అంతే. ఎర్ర నరం కనిపిస్తే ఆగిపోతాను.

పొదిగిన పిల్లలు పూర్తిగా ఆరి దూదిపింజల్లా అయ్యేదాకా మెషీన్‌లోనే ఉంచండి. లోపలికి లాక్కున్న పచ్చసొన వల్ల రెండు రోజులు మేత, నీళ్లు లేకపోయినా వాటికి ఏమీ కాదు.

ఎప్పుడు తెప్పించాలి, అమ్మినాయనకు ఏం చెప్పాలి

నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య తెప్పించండి. ఏప్రిల్, మే నెలల్లో వద్దే వద్దు. ఒక మే నెలలో నా పార్సిల్ పగలంతా రేకుల గోడౌన్‌లో ఉండిపోయింది. ఆ వేడికి గుడ్డులో పిండం సగం మొదలై, మళ్లీ ఆగి, చచ్చిపోయింది. ఒక్క పిల్ల రాలేదు. అలాగే బర్డ్ ఫ్లూ వార్తలు ఉన్నప్పుడు ఆర్డర్ ఇవ్వకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో అది వచ్చినప్పుడు సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర కోళ్ల బండ్లు ఆపేశారు.

అమ్మినాయనతో మూడు మాటలు ముందే అనుకోండి. పెట్టి మూడు రోజులు దాటని గుడ్లే పంపాలి, వారం దాటిన గుడ్డుకు పొదిగే సత్తువ తగ్గుతుంది. ఒక్కో గుడ్డును బబుల్ షీట్‌లో చుట్టి, సన్న కొన కిందికి పెట్టి, ఊకలో పాతినట్టు సర్దాలి, డబ్బా ఊపితే లోపల చప్పుడు రాకూడదు. రాత్రి బస్సుకే వేయాలి, తెల్లారి దిగగానే మీరు తీసుకోవాలి.

ఇంకో మాట. మీకు తెలిసినవాళ్ల ఇంట్లో పొదుగు మీద కూర్చున్న నాటు పెట్ట ఉంటే, 24లో 10 గుడ్లు దాని కింద పెట్టించండి. నేను గత రెండేళ్లుగా ప్రతి పార్సిల్‌ను ఇలా రెండుగా పంచుతున్నాను, గంపలో పెట్ట కింద పెట్టినవే ఎప్పుడూ ఒకటి రెండు పిల్లలు ఎక్కువ ఇచ్చాయి. మా నాయనమ్మ ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా గంపలో ఇనుప ముక్క, బొగ్గు పెట్టేది. నేనూ ఆమె గుర్తుగా పెడుతూనే ఉన్నాను.

పిల్లలు వచ్చాక మొదటి వారం 35 డిగ్రీల వేడి ఉండేలా బల్బు పెట్టండి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించండి. ఏడో రోజు లోపు కొక్కెర తెగులుకు (రాణిఖేట్ జబ్బు) లసోటా టీకా కంట్లో ఒక చుక్క వేయించాలి. వెటర్నరీ మందుల షాపులో చిన్న సీసానే వంద డోసులు ఉంటుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, కాబట్టి మీ చుట్టుపక్కల కోళ్లు పెంచేవాళ్లను కూడా అదే రోజు పిలుచుకోండి. సీసాను ఐస్ ప్యాక్‌తోనే తెచ్చుకోండి.